మా నాయన నన్ను మేడమ్ అన్న రోజులు

నేత రాదని చెప్పి ఆ మ్యూజియంలో ఉద్యోగానికి చేరాను. ఇంటర్వ్యూలో మేనేజర్ మేడమ్ అడిగిన మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో అదే. "మీది ధర్మవరం కదా, మగ్గం మీద కూర్చోవడం వచ్చా?" అంది. రాదన్నాను. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అంది. అంగడి ఉందన్నాను. అప్లికేషన్‌లో కూడా తండ్రి వృత్తి అన్నచోట వ్యాపారం అని రాసి సంతకం పెట్టాను.

నిజానికి తొమ్మిదో ఏట నుంచి పదో తరగతి పరీక్షల దాకా నేను మా నాయన పక్కన మగ్గంలో కూర్చున్నదాన్ని. మా ఊళ్ళో నేసే పట్టుచీరల్లో నడిమి బట్ట ఒక రంగు, అంచు ఇంకో రంగు ఉండే చీరకు గిరాకీ ఎక్కువ. ఆ చీర ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నేసే మనిషి అడ్డపోగును మోసుకుపోయే నడిమి నాడె విసురుతుంటే, పక్కన కూర్చున్న మనిషి అంచు నాడె విసరాలి. ప్రతి పోగుకూ విసరాలి. మా ఇంట్లో పొద్దున అమ్మ, బడి వదిలాక నేను. నేల లోపలికి తవ్విన గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే, వీధిలో పిల్లలు ఆడుకునే అరుపులు కిటికీలోంచి వినిపించేవి. లేవడానికి ఉండదు. నేను లేస్తే నాయన చెయ్యి ఆగిపోతుంది. నాయన చెయ్యి ఆగితే చీర ఆగిపోతుంది. మగ్గంలోంచి బయటపడటానికి చదువొక్కటే దారి అని నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ కూర్చునే తెలుసుకున్నాను.

డిగ్రీ చదివాను, బీఎడ్ చేశాను. టీచరు పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ కొద్దిలో పోయింది. పెళ్ళయి హిందూపురం వచ్చాను. మా ఆయనది మార్కెట్ దగ్గర ఫ్యాన్సీ స్టోర్. పెనుకొండ దగ్గర, హైవే పక్కన, చేతిపనుల మ్యూజియం ఒకటి తెరిచారనీ, వచ్చే బడిపిల్లలకు వివరించి చెప్పడానికి చదువుకున్న మనిషి కావాలనీ మా ఆయనే ఎక్కడో విని వచ్చి చెప్పాడు. ఎడ్యుకేటర్ అట ఆ ఉద్యోగం పేరు. టీచరు కాకపోయినా టీచరు లాంటిదే అనుకున్నాను. నేత వచ్చని చెబితే నన్ను పిల్లల ముందు నిలబెట్టరని, గుంతలోకి దింపుతారని నాకు అనిపించింది. అందుకే ఆ అబద్ధం.

మొదటిరోజే మేనేజర్ మేడమ్ ఎనిమిది పేజీల కాగితాలు చేతికిచ్చింది. మ్యూజియం నడిపే ట్రస్టు వాళ్ళు బెంగళూరు ఆఫీసులో రాయించి పంపినవి. "ఇందులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్కొక్కరూ ఒక్కోటి చెబితే మనకు పేరుండదు" అంది. వారంలో కంఠస్థం చేశాను. తోలుబొమ్మలు, కొయ్యబొమ్మలు, కంబళ్ళు, చివర్లో మగ్గం. నలభై నిమిషాలు. రంగులు వెలిసిపోతాయని హాలుకు కిటికీలు పెట్టలేదు. బయట ఎండ ఉందో మబ్బు పట్టిందో పిల్లల మొహాలు చూసి తెలుసుకోవాల్సిందే. ఒక బస్సు పిల్లలు పోతే ఇంకో బస్సు. అవే ఎనిమిది పేజీలు రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు. "నేతన్న తన మనసులోని ఆనందాన్ని పోగుపోగుగా చీరలోకి నేస్తాడు" అన్న వాక్యం ఏడో పేజీలో ఉండేది. అది చెప్పేటప్పుడు మగ్గం వైపు చెయ్యి చాపాలి, పిల్లలు అటు తిరగాలి. చెయ్యి చాపేదాన్ని.

మగ్గం మీద మొదట్లో హిందూపురం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి కూర్చునేవాడు. ఏడాది తిరక్కుండానే బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు నెలలు మగ్గం ఊరికే ఉంది. కదలని మగ్గాన్ని చూపించి ఇది ఇలా ఆడుతుంది, ఇది అలా లేస్తుంది అని నోటితో చెప్పేదాన్ని. "మేడమ్, మీరు నేసి చూపించండి" అని ఒకమ్మాయి అడిగింది ఒకరోజు. రాదమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా చేతుల వైపు చూసిందని నాకు అనుమానం. చీర కొంగులో చేతులు దాచుకున్నాను.

అప్పుడు మేనేజర్ మేడమ్ ధర్మవరంలో తెలిసిన చీరల వ్యాపారికి చెప్పి ఇంకో మనిషిని పిలిపించింది. ఆరోజు పొద్దున నేను బస్సు దిగి హాల్లోకి పోయేసరికి గుంతలో కూర్చుని, తెగిన పోగులు అతుకుతున్న మనిషి వీపు కనపడింది. చొక్కా మెడ వెనక కుట్టు విడిపోయి ఉంది. ఆ కుట్టు నేను కిందటిసారి పుట్టింటికి పోయినప్పుడు వేస్తానని వేయకుండా వచ్చినదే.

ఇంతలో మేనేజర్ మేడమ్ వెనకనుంచి వచ్చింది. "పెద్దాయనా, ఈమె మా ఎడ్యుకేటర్. పిల్లలకు పాఠం చెప్తుంది. ఈమెకు నేత రాదు. మగ్గంలో ఏదేది ఏమంటారో కొంచెం నేర్పించండి" అంది.

మా నాయన తలెత్తి నా మొహం చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత లేచి చేతులు జోడించాడు.

"అట్లనా మేడమ్. నేర్పిస్తాలే" అన్నాడు.

మేనేజర్ మేడమ్ అక్కడే నిలబడింది, నేర్పిస్తాడేమో చూద్దామని. నాయన ఒక్కొక్కటీ తట్టి చూపించాడు. "ఇది నాడె మేడమ్. ఇది పలక, పోగు విసిరినాక దీంతో దగ్గరికి కొట్టల్ల. ఇది పడుగు. పొడుగ్గా ఉండేది. అడ్డంగా పోయేది పేక." నేను తలూపుతూ చిన్న పుస్తకంలో రాసుకున్నాను. నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ పోలేదు. నాడె అనే మాట నేను రాయడం చదవడం రాకముందే ఆ మనిషి నోట విన్నదాన్ని.

మధ్యాహ్నం నేను మేనేజర్ మేడమ్‌తో ఆఫీసు గదిలో బల్ల దగ్గర తినేదాన్ని. నాయన వాచ్‌మన్‌తో కలిసి బళ్ళు పెట్టే రేకుల షెడ్డులో కూర్చుని తినేవాడు. మొదటిరోజు టాయిలెట్‌కని బయటికి పోయి, షెడ్డు గోడ పక్కన నిలబడి, "నాయనా, ఫోన్ చేసి చెప్పల్ల గదా" అన్నాను. "సావుకారి పెనుకొండలో యాడనో పని ఉండాది, పో అన్నాడు. ఈడ అని నాకేం తెలుసు" అన్నాడు. "నీది వ్యాపారమని పేపర్లో రాసిచ్చినా. ఇంక చెప్పేస్తా, మేడమ్‌తో" అన్నాను. "వద్దులే. పేపర్లో రాసిచ్చినావు గదా. ఉద్దోగం పోతాది. నేనేం మాట్లాడనులే, పోమ్మా" అని చేత్తో సైగ చేసి, వాచ్‌మన్ వస్తుంటే గట్టిగా, "అన్నం తిన్నారా మేడమ్?" అన్నాడు.

రోజూ ఇంతే. ఆయన ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవాడు, నేను హిందూపురం నుంచి బస్సులో. హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద మేమిద్దరం ఎదురుపడితే, చుట్టూ ఎవరూ లేకపోయినా పలకరించుకోవడానికి జంకేవాళ్ళం. ఒకరోజు ఆయనకు ఇష్టమని రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ డబ్బాలో తీసుకుపోయి ఇచ్చాను. వాచ్‌మన్ చూశాడు. "ఏమప్పా, మేడమ్ నీకు సంగటి తెచ్చినాదే" అన్నాడు. "మా ఊరామె గదప్పా" అన్నాడు నాయన. అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత నేను మళ్ళీ ఏమీ తీసుకుపోలేదు.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "ఇద్దరూ ఒక్క చోటనేనా? మంచిదే గదా. చెప్పేయ్, ఏమైతాది" అన్నాడు. చెప్పేయడం ఆయనకు సులువు. మొదటిరోజు చెప్పి ఉంటే నాకూ సులువే. నాలుగోరోజు కష్టమైంది. పదోరోజుకు ఇక నా వల్ల కాలేదు. నాయన నన్ను మీరు అన్న ప్రతిసారీ, పిల్లల ముందు, టీచర్ల ముందు, అబద్ధానికి ఇంకో వరస నేసినట్టే ఉండేది. అన్నిటికన్నా ఏడో పేజీ కష్టంగా ఉండేది. నేతన్న తన మనసులోని ఆనందాన్ని అని నేను చెయ్యి చాపితే, అక్కడ మా నాయన. పిల్లలు తనవైపు తిరిగారని తెలిసి కొంచెం నవ్వేవాడు.

రెండు నెలలయ్యాక, దగ్గర్లోని కార్ల ఫ్యాక్టరీ నుంచి కొరియా అతిథులు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళతోపాటు బెంగళూరు నుంచి ట్రస్టు పెద్దలు. మేనేజర్ మేడమ్ హడావుడి పడింది. మామూలు చీర కాదు, రెండు రంగుల అంచు చీరే నేసి చూపించాలంది.

"ఒక మనిషి సాలదు మేడమ్. పక్కన ఇంగొకరు కావల్ల" అన్నాడు నాయన.

హిందూపురం నుంచి ఇంకో నేతమనిషిని మాట్లాడింది. ఆ పొద్దున ఆ మనిషి రాలేదు. ఫోను ఎత్తలేదు. కార్లు గేటు దాకా వచ్చేశాయి. "ఎలాగో ఒకలా మీరే చేసేయండి పెద్దాయనా, పది నిమిషాలే కదా" అంది.

అతిథులు పది మంది దాకా ఉన్నారు. చెప్పులు విడిచి, మగ్గం చుట్టూ కట్టిన తాడు దగ్గర వరసగా నిలబడ్డారు. నేను నాలుగు మాటలు చెప్పి ఆగితే వాళ్ళ మనిషి వాళ్ళ భాషలో చెప్పేవాడు. నాయన నడిమి నాడె విసిరి, ఒరిగి, చెయ్యి సాచి అంచు నాడె తనే విసిరి, మళ్ళీ నిటారుగా కూర్చుని పలక లాగేవాడు. ఒక్కో పోగుకు అంతసేపు. నాలుగైదు వరసలకే చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. ట్రస్టు పెద్దాయన ఒకరు వాచీ చూసుకున్నారు. మేనేజర్ మేడమ్ నాయన వైపు కళ్ళతో తొందర పెట్టింది. ఆ తొందరలో అంచు నాడె చేతిలోంచి జారి గుంతలో పడింది. నాయన వంగి కాళ్ళ మధ్య తడుముకున్నాడు. దొరకలేదు. చూపు తగ్గిందని మాకు ఎవరికీ చెప్పలేదు ఆయన. అన్నేళ్ళు గుంతలో కూర్చున్న మనిషి నాడె కోసం తడుముకుంటున్నాడు, పదిమంది చూస్తున్నారు.

తాడు ఎప్పుడు దాటానో తెలియదు. గుంతలోకి దిగి, నాడె తీసి, ఆయన పక్కన చెక్క మీద కూర్చున్నాను. నాయన నన్ను చూడలేదు. గొంతులో "ఊఁ" అన్నాడు. చిన్నప్పుడు నాకు ఇచ్చే సైగ అదే. విసిరాను. ఆయన పలక లాగాడు. ఊఁ అన్నాడు, విసిరాను. మర్చిపోయానేమో అనుకోవడానికి కూడా నా చేతులు నాకు వ్యవధి ఇవ్వలేదు. కాసేపటికి హాల్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎంతసేపు నేశామో, ఆగేసరికి నాలుగు వేళ్ళ వెడల్పు బట్ట ఉంది. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

వాళ్ళలో ఒకావిడ ఏదో అడిగింది. ఈమె ఎన్నాళ్ళు నేర్చుకుంది అని అడుగుతున్నారని వాళ్ళ మనిషి చెప్పాడు. మేనేజర్ మేడమ్ నావైపు తిరిగింది.

"నా కూతురు మేడమ్" అన్నాడు నాయన.

అతిథులు పోయాక మేనేజర్ మేడమ్ మమ్మల్ని ఆఫీసు గదిలోకి పిలిచింది. ఇద్దరం నిలబడ్డాం. అప్లికేషన్ కాగితం బయటికి తీస్తుందనుకున్నాను. బస్సు పాస్ ఇంకా ఎన్ని రోజులుందో కూడా లెక్క వేసుకున్నాను. పొమ్మంటే బాగుండునని ఒక మూల అనిపించింది కూడా.

ఆమె నవ్వింది. "ఇంత మంచి కథ దాచిపెట్టుకుని కూర్చున్నావా! బెంగళూరు సార్ ఎంత సంతోషపడ్డారో తెలుసా? తండ్రీ కూతుళ్ళు ఒకే మగ్గం మీద! ఫోటో తీయించి గేటు దగ్గర పెద్ద బోర్డు పెడదామన్నారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మీరిద్దరూ నేయండి. నువ్వు నేస్తూనే పాఠం చెప్పొచ్చు."

"వద్దు మేడమ్" అన్నాడు నాయన వెంటనే. "నాతో ఏమన్నా చేయించుకోండి. ఆ బిడ్డను ఆడ కూచోబెట్టేకి కాదు నేను చదివిచ్చింది."

"మీ అమ్మాయిని అడుగుదాం. ఏమంటావు?" అంది ఆమె నాతో.

టీచరు ఉద్యోగం కోసం హిందూపురంలో ప్రైవేటు బళ్ళన్నీ తిరిగి వచ్చినదాన్ని. ఇంకో చోటు లేదని నాకు తెలుసు. అబద్ధం పట్టుబడ్డా తిట్టకుండా నవ్వుతున్న మనిషికి కాదని చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? సరే మేడమ్ అన్నాను. నాయన వైపు చూడలేదు.

బోర్డు వారంలో వచ్చింది. ఫోటోలో నాయన నవ్వుతున్నాడు, నేను నాడె వైపు చూస్తున్నాను. అబద్ధం పోయింది కాబట్టి ఇక కలిసి తినొచ్చు, ఆఫీసు గదిలోనే. తిన్నాం. మాట్లాడుకోవడానికి అడ్డం ఏమీ లేదు. అయినా అంతకుముందు దొంగతనంగా మాట్లాడుకున్న మాటలే ఎక్కువ. రోజుకు రెండుసార్లు గుంతలోకి దిగేదాన్ని. ఊఁ అనేవాడు, విసిరేదాన్ని. పిల్లలు తమ దగ్గర ఫోన్లు లేవు కాబట్టి వేళ్ళతో ఫ్రేము కట్టి మమ్మల్ని చూసేవాళ్ళు. వాళ్ళ టీచర్లు ఫోన్లలో తీసుకునేవాళ్ళు. నా వయసు ఆడవాళ్ళు కొందరు, పిల్లలతో వచ్చిన టీచర్లు, చేతిలో అటెండెన్సు కాగితంతో నిలబడి చూస్తుంటే నేను నాడె మీంచి చూపు ఎత్తేదాన్ని కాదు. వాళ్ళు నిలబడ్డ చోటు నాది కావాల్సింది.

నెల తర్వాత ఒక సాయంత్రం నాయన, "ఈపొద్దు స్టేషన్ దాకా రామ్మా" అన్నాడు. బస్సు వదిలేసి ఆటోలో ఆయనతో పెనుకొండ స్టేషన్‌కు పోయాను. రైలుకు ఇంకా టైముంది. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం.

"నేను సోమారం నుంచి రాను" అన్నాడు.

"నా మీద కోపమా నాయనా?"

"నీ మీద కోపమెందుకు. కండ్లు సరిగ్గా కనపడల్యా. మేడమ్‌తో మోకాళ్ళ నొప్పులని చెప్తా." పట్టాల వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "నీకొకటి చెప్పల్ల. సావుకారి నన్ను ఈ మ్యూజియం అని చెప్పే పంపినాడు. నాకు తెలుసు నువ్వు ఈడ పని చేస్తాండావని."

"మరి తెలియదంటివి?"

"నువ్వు పాఠం చెప్తాంటే చూడల్లనిపించింది. బళ్ళో టీచరయ్యింటే యాడ చూస్తును? బళ్ళోకి నన్ను రానిస్తారా? ఈడైతే ఒక పక్కన కూచోని పని చేసుకుంటా ఇనొచ్చు గదా అని వచ్చినా. నీ అబద్ధం సంగతి నాకు తెలీదు. ఆ మేడమ్ నేర్పిచ్చమన్యాకనే తెలిసె."

నేను ఏడుస్తానని భయపడ్డాడేమో, "ఏడ్చాకు" అన్నాడు ముందే. "అంతా ఇన్యా. బాగ చెప్తావు. గొంతు బాగుంటాది. పిల్లోళ్ళు అల్లరి చేయకుండా ఇంటారు. కానీ ఆ సంతోషం, పోగుపోగూ అని ఒగటి చెప్తావు సూడు. అదెవరు రాసిచ్చినారమ్మా?"

"బెంగళూరు వాళ్ళు."

"ఊఁ" అన్నాడు.

రైలు వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. కడ్డీ పట్టుకుని ఎక్కి, లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఎవరితో చెప్పాకు, నాకు మీ పాఠం ఇనేకి ఇష్టంగానే ఉన్నింది" అన్నాడు. మీ పాఠం అన్నాడు. అలవాటైపోయింది ఆయనకు.

సోమవారం ఆయన రాలేదు. మేనేజర్ మేడమ్ రెండుమూడు రోజులు నాయనకు ఫోన్లు చేసింది. తర్వాత నన్ను పిలిచి, మామూలు చీర అయితే ఒక్కరే నేయొచ్చు కదా, ఇంకో మనిషి దొరికేదాకా నువ్వే కూర్చో అంది. ఇంకో మనిషి దొరకలేదు. వెతికారో లేదో నాకు తెలియదు. బోర్డు మీద నాయన బొమ్మ అలాగే ఉంది, ఎండకు కొంచెం తెల్లబడింది. ఎడ్యుకేటర్‌నూ నేనే, నేతమనిషినీ నేనే. ఒకే జీతం.

ఒక్కటే అడిగాను. మగ్గంలో కూర్చున్నప్పుడు ఏడో పేజీ చదవలేనన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "బడిపిల్లలకైతే నీ ఇష్టం. గెస్టులొస్తే మాత్రం కాగితంలో ఉన్నదే" అంది. అది చిన్నదే, అయినా అడిగి తీసుకున్నది అదొక్కటే.

నాయనకు కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంట్లో మగ్గం విప్పేసి గుంత పూడ్చి సిమెంటు వేయించాడు. అమ్మ అక్కడ కుట్టుమిషను పెట్టుకుంది. వాళ్ళింట్లో గుంత లేదు, నాకుంది.

మొన్న కదిరి వైపు నుంచి ఒక బడి పిల్లలు వచ్చారు. నేను నేస్తూ చెబుతున్నాను. మీ అంత ఉన్నప్పుడు నేను బడి నుంచి వచ్చి ఇలా కూర్చునేదాన్ని, వీధిలో పిల్లలు ఆడుకునేది వినపడేది అన్నాను. ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, లేసి పోవల్లనిపించదా?"

"అనిపిస్తుంది" అన్నాను.

"మరి యాల పోలేదు?"

పలక లాగి, పోగు దగ్గరికి కొట్టి, ఆ అమ్మాయికి ఏదో జవాబు చెప్పబోయాను. వాళ్ళ టీచరు టైమైందని విజిలేసింది. పిల్లలు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని వరసకట్టి బయటికి పోయారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది, జవాబు కోసమో, మగ్గం చూడటానికో.

రెండో బస్సు పన్నెండింటికి రావాలి. మధ్యలో అరగంట. గుంతలోంచి లేచి, మళ్ళీ దిగడం ఎందుకని అక్కడే కూర్చున్నాను.